మోత పత్రిక అట్ట

బుధవారం పొద్దున ప్రసన్న మేడం పత్రిక అట్టను చేతిలోకి తీసుకొని, ముందు చెయ్యంత దూరంలో పెట్టి చూసింది, తర్వాత ముక్కు దగ్గర పెట్టి చూసింది, చివరికి వెనక్కి తిప్పి కూడా చూసింది. వెనక ఏమీ లేదు.

“కరస్పాండెంట్ సార్ ఫోటో ఏదమ్మా?” అంది.

దీవెనకు తల ఎక్కడ బాదుకోవాలో తెలియలేదు. కంప్యూటర్ ల్యాబులో గోడలు తప్ప అందుకు వీలైనవేమీ లేవు. ఆ గోడలకు మొన్ననే రంగు వేశారు.

“ఇది మ్యూజిక్ మ్యాగజైన్ మేడం. రాక్ వినేవాళ్ళ కోసం. అట్ట మీద సార్ ఫోటో ఎట్ల పెడతాం?”

“ఎట్ల పెడతామంటే? పైన కుడిపక్క. కాలేజీలో ఏం చేసినా అక్కడే కదా పెడతాం.”

మార్కాపురంలో ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మల్టీమీడియా వాళ్ళకు ఆఖరి ఏడాది ఒక ప్రాజెక్టు ఉంటుంది. ఏదో ఒక రకం పాఠకుల్ని ఎంచుకొని, వాళ్ళకోసం పదహారు పేజీల పత్రిక డిజైన్ చేయాలి. క్లాసులో అందరూ తెలివైనవాళ్ళు కాబట్టి వంటలనీ, క్రికెట్‌నీ, గోరింటాకు డిజైన్లనీ తీసుకొని చక్కగా వారంలో ముగించుకున్నారు. దీవెన రాక్ సంగీతం తీసుకుంది. ఎందుకు తీసుకున్నావే తల్లీ అంటే, అది తనకు ఇష్టం కాబట్టి. అంతకు మించి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు.

నిబంధనల ప్రకారం అలాంటి పాఠకులు నిజంగా ఉన్నారని చూపించాలి. పదిమందిని కలిసి, ఏం వింటారో, ఏం చదవాలనుకుంటారో అడిగి రాసుకురావాలి. పడమటి ప్రకాశంలో రాక్ అభిమానుల్ని వెతకడమంటే మాటలా! రెండు నెలలు బస్సుల్లో తిరిగింది. గిద్దలూరులో సెల్ ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడు దొరికాడు. కనిగిరిలో లారీ డ్రైవరొకాయన, నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టి ఇప్పుడు ఆ మోత లేకపోతే గేరు మార్చలేనంతవరకు వచ్చినవాడు, దొరికాడు. ముండ్లమూరు దగ్గర అన్నదమ్ములిద్దరు, కంభంలో లెక్కల మాస్టారొకాయన, చర్చిల్లో గిటార్లు వాయించే పిల్లలు ముగ్గురు. తొమ్మిదో మనిషి ఏంజెల్. పదో మనిషి ఎంత తిరిగినా దొరక్కపోతే దీవెన తన పేరే రాసుకుంది.

ఆ తొమ్మిదో మనిషే ఇప్పుడు అట్ట మీద ఉంది. ఏంజెల్‌దీ దీవెనదీ ఒకటే ఊరు, పుల్లలచెరువు పోయే దారిలో. ఏంజెల్ పదోతరగతితో చదువు ఆపేసి, రోజూ ఆటోలో మార్కాపురం వచ్చి పలకల షెడ్డులో చెక్క చట్రాలు బిగించే పని చేస్తుంది. ఊళ్ళో చర్చికి ఎవరో దాతలు ఇచ్చిన డ్రమ్ముల సెట్టు ఉంది. ఆదివారం కీర్తనలకు దాన్ని బుద్ధిగా, మెల్లగా వాయించేదీ ఏంజెలే, శనివారం చర్చి ఖాళీగా ఉన్నప్పుడు పైన రేకులు అదిరిపోయేలా వాయించేదీ ఏంజెలే. దీవెన ఫోటో తీసింది శనివారమప్పుడు. కళ్ళు మూసుకొని ఉంది. చెమటకు వెంట్రుకలు చెంపకు అంటుకొని ఉన్నాయి. చేతుల్లో కర్రలు కెమెరాకు దొరక్కుండా మసకగా పోయాయి. వెనక ఉన్న రేకుల గోడనూ, ప్లాస్టిక్ కుర్చీలనూ తీసేసి నలుపు పెట్టడానికి, ఒక్కొక్క వెంట్రుకనూ విడదీసి కత్తిరించడానికి దీవెనకు మూడు మధ్యాహ్నాలు పట్టింది. పైన తెల్లటి లావు అక్షరాల్లో పత్రిక పేరు, మోత. కింద సన్నగా, ఏంజెల్.

“ఎవరీ అమ్మాయి? టీవీలో పాడుతుందా?”

“డ్రమ్స్ వాయిస్తది మేడం. మా ఊరే. పలకల షెడ్డులో పని చేస్తది.”

“షెడ్డులో పనిచేసే పిల్లకు రాక్ ఏందమ్మా!” అని మేడం నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. నిజంగా నవ్వొచ్చే నవ్వింది, దానికే దీవెనకు ఎక్కువ మండింది.

అప్పుడు మోహన్‌కృష్ణ కుర్చీ జరుపుకొని వచ్చాడు. జట్టుకు ఇద్దరు, లీడరు అతను. ఎందుకు లీడరంటే కరస్పాండెంట్ గారి తమ్ముడి కొడుకు కాబట్టి. ఈ రెండు నెలల్లో పత్రిక కోసం అతను చేసిన పని ఒక వాట్సాప్ గ్రూపు తెరిచి, దానికి నిప్పుల బొమ్మ పెట్టడం. ఆ గ్రూపులో ఉన్నది కూడా ఇద్దరే.

“మేడం, నేనొకటి చేయించినా చూడండి,” అని ఫోను ముందుకు పెట్టాడు. నడుం దాకా జుట్టున్న తెల్లాయనొకడు మంటల మధ్య నిలబడి గిటారు ఎత్తి అరుస్తున్నాడు. వెనక పుర్రె, పుర్రె వెనక పిడుగు. ఏఐని అడిగితే పది సెకన్లలో గీసి ఇచ్చిందట.

“ఇదీ! రాక్ అంటే ఇట్ల ఉండాల,” అంది మేడం.

దీవెన ఆ గిటారు తీగలు లెక్కపెట్టింది. కింద ఆరు ఉన్నాయి, పైకి పోయేసరికి నాలుగయ్యాయి. “మేడం, ఈ మనిషి లేనే లేడు. ఆ గిటారు ఎవడూ వాయించలేడు.”

“వాయించమని ఎవరడిగినారమ్మా, అట్ట మీద వేయమంటున్నా గానీ.”

మోహన్‌కృష్ణ టీ తాగడానికి పోయాక మేడం గొంతు తగ్గించింది. “నాకు మాత్రం సరదానా దీవెనా? పోయిన ఏడాది వంటల పుస్తకంలో సార్ సందేశం వేయలేదని నన్ను ఆఫీసుకు పిలిపించి గంటసేపు నిలబెట్టినారు. కుర్చీ కూడా వేయలేదు. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు. రెండో పేజీ సార్ సందేశం, మూడో పేజీ ప్రిన్సిపాల్ సార్‌ది, నాలుగో పేజీ డైరెక్టర్ మేడంది. అట్ట మీద మోహన్ తెచ్చింది పెట్టు. రేపు సాయంత్రంలోగా మార్చి తెస్తే సంతకం పెడతా. శనివారం వైవా.”

సంతకం లేకపోతే వైవా లేదు. వైవా లేకపోతే డిగ్రీ లేదు. ఆ మాట మేడం అనలేదు, అనాల్సిన పనీ లేదు.

*

గురువారం మధ్యాహ్నం దీవెన బస్టాండు ఎదురుగా ఉన్న మాల్యాద్రి ఫ్లెక్స్ షాపుకు పోయింది. కాలేజీ అయ్యాక రోజూ అక్కడ మూడు గంటలు పని చేస్తుంది. దీవెన ఆశ ఏమిటంటే, ల్యాబులో ఆ డొక్కు ప్రింటరు మీద నలుపు బూడిదరంగులో వచ్చింది కాబట్టి మేడంకు నచ్చలేదు, నల్లటి నలుపులో చూస్తే మనసు మారుతుంది అని. చదువుకున్న పిల్ల కూడా ఇలాంటి ఆశలు పెట్టుకుంటుంది, ఏం చేస్తాం.

“మాల్యాద్రన్నా, ఇది రంగు కాగితం మీద ఒకటి కొట్టియ్యి. మేడంకు చూపియ్యాల.”

మాల్యాద్రి స్క్రీను మీద బొమ్మను చూశాడు. చెవి వెనక గీక్కున్నాడు. “నల్లగా ఉందేంది?”

“అట్లనే ఉండాలన్నా.”

“అట్లనే ఉండాలంటే సరే. చదువుకునేదానివి, నీకు తెలీదా,” అన్నాడు. కాగితం మీద ఒకటి కొట్టిచ్చాడు. అంతటితో ఊరుకుంటే అతను మాల్యాద్రి ఎందుకవుతాడు! “కాగితమ్మీద ఏం తెలుస్తది? మూడు బై నాలుగు అడుగుల ఫ్లెక్సు ముక్కొకటి మిగిలుంది, దాని మీద కొట్టిపెడతా. కళ్ళకు నిండుగా ఉంటది,” అన్నాడు. వద్దన్నా వినడని తెలుసు కాబట్టి దీవెన కాగితం పట్టుకొని కాలేజీకి పరిగెత్తింది.

ప్రసన్న మేడం కాగితాన్ని చూడను కూడా లేదు. పక్కకు జరిపి, “మార్చింది ఏది?” అంది. దీవెన నోరు తెరిచింది. రెండు నెలల తిరుగుడు గురించి, తొమ్మిదిమంది గురించి, చినిగిన డ్రమ్ము తోలుకు సైకిల్ ట్యూబు ముక్క అంటించి ఏంజెల్ మళ్ళీ మోగించిన తీరు గురించి చెప్పాలనుకుంది. మేడం పెన్ను మూత తీసి, సంతకం పెట్టాల్సిన చోట పెట్టకుండా, దాన్ని గాల్లోనే పట్టుకొని కూర్చుంది. గోడ గడియారంలో నాలుగైంది.

“సరే మేడం,” అంది దీవెన. “మారుస్తా.”

మేడం సంతకం పెట్టింది. ఏంజెల్‌తో చేసిన రెండు పేజీల ఇంటర్వ్యూ కూడా తీసేయమంది. మూడు సందేశాలు వచ్చి కూర్చున్నాక చోటు ఎక్కడుంది?

ఏంజెల్‌కు ఏమని చెప్పాలి? దారి పొడుగునా దీవెనకు అదే గోల. శనివారం పని మానుకొని వైవా చూడటానికి వస్తానని ఏంజెల్ ముందే మేస్త్రీని అడిగి పెట్టుకుంది. అట్ట మీద తన బొమ్మ వస్తోందని ఇంట్లో, చర్చిలో, షెడ్డులో, రోజూ ఎక్కే ఆటోలో చెప్పింది. కాకులకు తప్ప అందరికీ చెప్పింది. దీవెన మనసులో మేడంను తిట్టింది, మోహన్‌కృష్ణను తిట్టింది, సరే అన్న తన నోటిని తిట్టింది.

షాపు ముందు జనం మూగి ఉన్నారు.

ఆ ఊళ్ళల్లో ఫ్లెక్సుల్ని ఎవరూ చదవరు, చూస్తారు. ఎర్రగా పచ్చగా ఉండి చుట్టూ ఇరవై ముఖాలుంటే పుట్టినరోజు. బంగారు రంగుంటే పెళ్ళి. నలుపు మీద ఒక్కటే ముఖం, కింద ఒక్కటే పేరు ఉన్నాయంటే చదవాల్సిన పనే లేదు, ఆ మనిషి ఇక లేనట్టు. ఆ ఏడాదిలో ఆ షాపులో కూర్చొని దీవెన తన చేతుల్తో అలాంటివి నలభైకి తక్కువ కాకుండా చేసింది. ముసలివాళ్ళవి చేసింది, బైకు మీద పోయిన పిల్లలవి చేసింది. నలుపు ఎంత చిక్కగా ఉండాలో, పేరు ఎంత సన్నగా ఉండాలో ఆమెకు తెలిసినంతగా మాల్యాద్రికి కూడా తెలియదు. అలాంటిది, మూడు మధ్యాహ్నాలు కూర్చొని, బతికున్న స్నేహితురాలిని అచ్చం అలాగే తయారుచేసి పెట్టింది. రాక్ పత్రికలన్నీ నల్లగానే ఉంటాయి కదా అని ఒక్క కంటితోనే చూసింది. రెండో కన్ను ఏమైందో!

మాల్యాద్రి ఆ మూడు బై నాలుగు ముక్కను రంగు ఆరడానికి, ఎప్పటిలాగే, షట్టరు కొక్కేనికి తగిలించాడు. పుల్లలచెరువు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న చెన్నయ్య, వాళ్ళ చర్చి పెద్ద, దాన్ని చూశాడు. చూసి గుండె పట్టుకున్నాడు. బస్సు కదిలేలోగా ఊరికి ఫోను చేశాడు. ఊళ్ళోవాళ్ళు ఏంజెల్‌కు చేస్తే ఎత్తలేదు. షెడ్డులో పని అయ్యేదాకా ఫోన్లన్నీ మేస్త్రీ దగ్గర డబ్బాలో ఉంటాయి. ఎత్తకపోయేసరికి నిజమే అనుకున్నారు.

దీవెన జనాన్ని తోసుకొని ముందుకు పోయేసరికి ఏంజెల్ తల్లి సౌభాగ్యమ్మ షాపు మెట్టు మీద కూర్చొని రొమ్ము బాదుకుంటోంది. చేనులో నుంచి అలాగే వచ్చినట్టుంది, కాళ్ళకు మట్టి ఆరిపోయి ఉంది. ఆటోలో ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు నలుగురు చుట్టూ కూర్చొని ఏడుస్తున్నారు. మాల్యాద్రి చేతులు నలుపుకుంటూ, “అమ్మా, అది చావుది కాదమ్మా, కాలేజీది,” అని పదోసారో ఇరవయ్యోసారో చెప్తున్నాడు. ఎవరూ వినడం లేదు. “కాలేజీలో ఎందుకు చచ్చిపోయిందయ్యా నా బిడ్డ? అది కాలేజీకే పోదే!” అని సౌభాగ్యమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది.

“పెద్దమ్మా, ఏంజెల్ బాగుంది. షెడ్డులో ఉంది. నేను చెప్తున్నా గదా,” అని దీవెన మోకాళ్ళ మీద కూర్చుంది.

అప్పటికే మాల్యాద్రి బండి మీద ఎవరో షెడ్డుకు పోయి ఏంజెల్‌ను తెచ్చారు. మోచేతుల దాకా పలకపొడితో, తలకు గుడ్డతో ఏంజెల్ బండి దిగింది. సౌభాగ్యమ్మ లేచి ముందు కూతురి వీపు మీద నాలుగు చరిచింది, తర్వాత వాటేసుకుంది, తర్వాత మళ్ళీ రెండు చరిచింది. చరిచినప్పుడల్లా బూడిదరంగు పొడి లేచింది.

“ఫోను ఎత్తడానికేమే నీకు!”

“డబ్బాలో ఉంది మా! నన్నెందుకు కొడతావు?”

ఏంజెల్ తల్లి చేతుల్లోంచే ఫ్లెక్సు వైపు చూసింది. అరచేతుల పొడిని పావడాకు తుడుచుకొని దగ్గరకు పోయింది. తన ముఖం తన ముఖమంత పెద్దగా ఉంది. అంటుకున్న వెంట్రుకను, మూసిన కళ్ళను, మసకగా పోయిన కర్రలను ఒక్కొక్కటిగా చూసింది. “నేను వాయించేటప్పుడు ఇట్ల ఉంటానా?” అంది.

“దించండి దాన్ని!” అని అరిచింది సౌభాగ్యమ్మ. మాల్యాద్రి పరుగున వచ్చి కొక్కెం తీశాడు. ఆమె దీవెన మీదకు తిరిగింది. “ఏమ్మా, ఊరంతా నా ఇంటి ముందర కూడిందే! పక్కింటి పోలమ్మవ్వ ఏడ్చేవాళ్ళకని చాప గూడా పరిచిందే! పుస్తకం మీదా ఇదే బొమ్మనా? చూసినోళ్ళంతా నా బిడ్డ పోయిందనుకోవాల్నా? వద్దు. తీసెయ్. అది నీ పుస్తకం మీద ఉండేదానికే లేదు.”

“మా, నువ్వు ఊరుకో!” అంది ఏంజెల్.

“నేనూరుకోను. తీసేస్తావా లేదా?”

దీవెనకు ఏదో బరువు దిగినట్టయింది. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా కొట్టుకున్న మాటను ఈమే వచ్చి చేతిలో పెట్టింది. “సరే పెద్దమ్మా,” అంది. “నువ్వు వద్దన్నాక ఎట్ల పెడతా. తీసేస్తాలే.”

ఏంజెల్ దీవెనను చూసింది, తల్లిని చూసింది. తల్లి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. ఆటోలో అందరూ వెనక కూర్చుంటే తాను పోయి డ్రైవరు పక్కన కూర్చుంది.

*

శుక్రవారమంతా ప్రింటింగు పనే. షాపులో కంప్యూటర్ ముందు కూర్చొని దీవెన ఏంజెల్‌ను అట్ట మీద నుంచి చెరిపేసింది. చెరపడమంటే ఎంతసేపు, ఒక మీట నొక్కడమే. మంటల మనిషిని పెట్టింది. కుడిపక్క పైన కరస్పాండెంట్ గారిని గుండ్రంగా కత్తిరించి పెట్టింది. మోహన్‌కృష్ణ ఫోను చేసి గుండ్రం చుట్టూ బంగారు గీత పెట్టమన్నాడు. పెట్టింది. మళ్ళీ ఫోను చేసి పెదనాన్న తల మంటలకు తగులుతోంది, పక్కకు జరపమన్నాడు. జరిపింది. మూడోసారి ఫోను చేసి ‘టీమ్ లీడర్’ అని తన పేరు ముందు పెద్దగా, ‘సహాయం’ అని దీవెన పేరు చిన్నగా వేయమన్నాడు. ఆ ఫోను పెట్టేశాక దీవెన కుర్చీ వెనక్కి వాల్చి, పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ రెండు నిమిషాలు అలాగే ఉండిపోయింది. తర్వాత ముందుకు వంగి అదీ వేసింది.

“ఇప్పుడు కళకళలాడుతుంది చూడు,” అన్నాడు మాల్యాద్రి, మెచ్చుకోలుగా. నిన్నటి గొడవకు తనదే తప్పన్నట్టు పొద్దున్నించి ఆమెకు రెండుసార్లు టీ తెప్పించాడు. “ఇది చూసి ఎవరూ ఏడవరు.”

పేజీలు మడిచి, వెన్ను మీద స్కేలు గట్టిగా రుద్ది, మధ్యలో పిన్నులు కొట్టాలి. నడిమి పేజీలు నూలుపోగంత బయటికి తోసుకొస్తాయి, వాటిని కట్టర్‌తో సమంగా కోయాలి. దీవెన ఒక్కొక్క పుస్తకాన్నీ కోసి, అంచు మీద వేలు పెట్టి చూసింది. ఇష్టంలేని పుస్తకమైనా అంచు వంకరగా పోతే ఆ పిల్ల చెయ్యి ఊరుకోదు.

మధ్యాహ్నం అన్నం వేళకు ఏంజెల్ ఫోను చేసింది. వెనక షెడ్డులో కోత మిషను మోత.

“ఏమే, తీసేసినావా?”

“ఆ.”

“మాయమ్మతో మాట్లాడ్డంలే నేను. నిన్నట్నుంచీ. కూడు పెడితే తిన్లా. పొద్దున గూడా సద్ది కట్టిస్తే ఇంట్లోనే పెట్టి వచ్చినా. నా జన్మలో ఒకటంటే ఒకటి వస్తే దాన్ని గూడా పడనియ్యదే! చూసినోళ్ళు ఏమనుకుంటే ఏంది? నేను చచ్చినానా?”

దీవెన చేతిలో కట్టర్ ఉంది. ఇప్పుడు చెప్పవచ్చు. ఒక్క ముక్క. మీయమ్మ కాదే, నేనే, అంతకు గంట ముందే. నోటిదాకా వచ్చింది కూడా.

“పోనీలేవే,” అంది. “పెద్దమ్మ భయపడింది. తల్లి గదా.”

“నువ్వు దాన్నేం వెనకేసుకు రావద్దు,” అని ఏంజెల్ పెట్టేసింది.

ఇంత అన్యాయమైన మాట ఇంత మంచి మాటలా తన నోట్లోంచి ఎలా వచ్చిందా అని దీవెన తర్వాత చాలాసేపు అనుకుంది. అనుకుంటూనే మిగతా పుస్తకాలకు పిన్నులు కొట్టింది.

*

శనివారం వైవాకు ఒంగోలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ అప్పటికే పది పత్రికలు చూసి అలిసిపోయి ఉన్నాడు. మోహన్‌కృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి, “మా మ్యాగజైన్ కాన్సెప్ట్ ఏందంటే సార్,” అని నిన్న వాట్సాప్‌లో దీవెనతో రాయించుకున్న పేరాను అప్పజెప్పాడు. రెండుచోట్ల ఆగిపోతే దీవెన అందించింది.

ఎగ్జామినర్ అట్ట చూశాడు. “ఈయన ఎవరు? పెద్ద ఆర్టిస్టా?”

“ఎవరూ కాదు సార్. ఏఐతో చేసినాం,” అన్నాడు మోహన్‌కృష్ణ.

“మన ఏరియాలో ఇలాంటి పత్రిక చదివేవాళ్ళు ఉన్నారా అసలు?”

“లేరు సార్,” అని మోహన్‌కృష్ణ నవ్వాడు. “ఊరికే ప్రాజెక్టు కోసం.”

దీవెన ఒళ్ళు భగ్గుమంది. “ఉన్నారు సార్,” అంది. “తొమ్మిదిమంది ఉన్నారు. నేను కలిసినా.” ఎగ్జామినర్ తలెత్తి ఆమెను చూశాడు. ఇంకేదైనా చెప్తుందేమోనని ఆగాడు కూడా. దీవెన చేతిలో ఉన్న పుస్తకంలో ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ లేరు. ఏం చూపించాలి? ప్రసన్న మేడం గొంతు సవరించుకొని, రెండో పేజీలో సందేశం చూడమని ఎగ్జామినర్‌ను కోరింది. ఆయన చూశాడు. బాగుందన్నాడు. యాభైకి మోహన్‌కృష్ణకు నలభై ఏడు, దీవెనకు నలభై నాలుగు. మేడం దీవెన భుజం తట్టి, “చూసినావా, ఎంత సులువుగా అయిపోయిందో,” అంది. పాపం, ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది.

దీవెన ఒక పుస్తకం చేతిలో పట్టుకొని మెట్లు దిగింది. గేటు బయట, వాచ్‌మన్ కుర్చీకి అవతల ఎండలో, సౌభాగ్యమ్మ నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. రెండడుగుల దూరంలో, తల్లికి సగం వీపు తిప్పి ఏంజెల్ నిలబడింది.

“వీళ్ళు మీవాళ్ళేనా? పొద్దున తొమ్మిదింటికి వచ్చినారు,” అన్నాడు వాచ్‌మన్. “ఐడీ కార్డు లేకుండా లోపలికి పంపేదానికి లేదంటే వినరే.”

సౌభాగ్యమ్మ దీవెన దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. “అమ్మా దీవెనా, నేను మొన్న ఒళ్ళు తెలీకుండా మాట్లాడినా. భయమ్మా. చాప పరిచినాక ఇంకేం తోస్తది చెప్పు. ఇది నాతో మాట్లాడ్డంలేదు. రెండు దినాల్నుంచి నా చేతి కూడు ముట్టలేదు. నాదే తప్పు. ఉన్న ఒక్క ఆశ నా నోటితో నేనే తుడిచేసినా.” కవరులోంచి ఒక ఫోటో తీసింది. స్టూడియోలో తీయించింది. తెల్ల గౌనులో ఏంజెల్, వెనక నీలం పరదా. “ఇది పెట్టమ్మా. కళ్ళు తెరిచి ఉంది చూడు. నలుపు లేదు. ఇది పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దసారును అడగమంటే నేనే అడుగుతా, కాళ్ళు పట్టుకుంటా.”

ఫోటో దీవెన చేతిలోకి వచ్చింది.

“ఏదీ, పుస్తకం చూపీ,” అంది ఏంజెల్, తల్లి మాటలు తనకు వినబడనట్టు.

దీవెన ఇచ్చింది. ఏంజెల్ అట్టను చూసింది. “వీడెవరే?”

“ఎవరూ కాదు.”

“ఈయన పాడతాడా?” అంది, గుండ్రంలో ఉన్న ఆయన మీద వేలు పెట్టి.

“కాలేజీ ఆయనది.”

ఏంజెల్ ఒక్కొక్క పేజీ తిప్పింది. సందేశం, సందేశం, సందేశం. గిటారు రకాలు, నెట్‌లో నుంచి తీసినవి. తనను రెండు గంటలు కూర్చోబెట్టి అడిగిన మాటలు ఎక్కడన్నా ఉన్నాయేమోనని చివరిదాకా తిప్పింది, మళ్ళీ మొదటికి వచ్చింది. “మాయమ్మ బొమ్మే గదా తీయమనింది,” అంది మెల్లగా. “మాటలు గూడా ఎందుకు తీసినావు?”

దీవెనకు అబద్ధం ఒకటి అందింది. అది కూడా బాగానే ఉంది, చెప్పేస్తే సరిపోయేది. కానీ సౌభాగ్యమ్మ ఇంకా ఆమె మణికట్టు పట్టుకొనే ఉంది. ఆ చెయ్యి గరుకుగా, వేడిగా ఉంది.

“పెద్దమ్మా,” అంది. “నువ్వు చెప్పినందుకు కాదు నేను తీసింది. మొన్న నువ్వు షాపు దగ్గరికి రాకముందే అయిపోయింది. మా మేడం తీయమనింది, నేను సరే అనేసినా. నాలుగింటికి. నువ్వు వచ్చింది ఐదింటికి.”

సౌభాగ్యమ్మకు వెంటనే అందలేదు. “అంటే, నేను అనకపోయినా తీసేసేదానివే?”

“ఆ.”

“మరి నేను వద్దన్నాక ఎట్ల పెడతా అంటివే అమ్మా?”

దీవెన నేల చూసింది.

“అందరి ముందర అంటివే. ఇది ఆడ్నే నిలబడి వినింది.” ఆమె గొంతులో కోపం లేదు, లెక్క తప్పిపోయినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటున్నట్టుంది. “నా నెత్తిన ఎందుకు పెట్టినావమ్మా?”

ఉన్న జవాబు చెప్పేది కాదు. సులువుగా ఉంటుందని పెట్టింది. సౌభాగ్యమ్మ దీవెన చెయ్యి వదిలి, ఆమె వేళ్ళ మధ్య నుంచి ఫోటోను తీసుకుంది. పైట కొంగుతో ఒకసారి తుడిచి కవరులో పెట్టుకుంది.

ఏంజెల్ తిడుతుందని దీవెన కాచుకుంది. తిట్టాలని కోరుకుంది కూడా. ఏంజెల్ పుస్తకాన్ని మూసి, అంచులు సమంగా చేసి, దీవెన చేతిలో పెట్టింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి తల్లి ముఖం చూసింది. చూసి, తల్లి భుజం మీద జారిన పైటను సర్దింది.

“మా,” అంది. “పొద్దున ఏమన్నా తిన్నావా?”

“నువ్వు తినందే నేనెట్ల తింటానే.”

“పా, బస్టాండు కాడ హోటలుంది. ఇడ్లీ తిందాం.”

ఏంజెల్ తల్లి చేతిలోంచి కవరు తీసుకొని తన సంకలో పెట్టుకుంది. ఇద్దరూ రోడ్డు దాటి, ఎండలో అవతలి పక్కగా బస్టాండు వైపు నడిచారు. రా అని గానీ, పో అని గానీ దీవెనతో ఎవరూ అనలేదు.